చిత్రిక పట్టిన గడప

శుక్రవారం పొద్దున్న ఏడు కాకముందే రీటా స్టూలెక్కి లౌంజ్ కిటికీకి పీచ్ రంగు కర్టెన్లు మూడోసారి తగిలిస్తోంది. మొదటిసారి కుచ్చిళ్ళు కుదరలేదు. రెండోసారి ఎడమవైపు అంచు నేలకి రెండంగుళాల ఎత్తున నిలబడిపోయింది. గ్రీన్‌వుడ్ పార్క్‌లోని ఈ ఇంట్లో దిగి ఆరు వారాలైంది. ఈ ఆరు వారాల్లో ఆమె కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు. గోడల రంగు, రంగుకి తగ్గ కార్పెట్టు, కార్పెట్టుకి తగ్గ సోఫాలు, సోఫాలు మాయకుండా ప్లాస్టిక్ తొడుగులు. ఇల్లు సర్దుకోవడం ఎంత సరదా అయినా, ఆ ఇంట్లో ఇద్దరాడవాళ్ళుంటే సరదాలు కూడా రెండు రకాలుగా ఉంటాయి.

రెండో ఆవిడ వరండాలో నిలబడి ఉంది. రీటా అత్తగారు, అంబీ. డెబ్భై రెండేళ్ళ మనిషి, సన్నగా, నిటారుగా ఉంటుంది. చేతిలో చిన్న స్టీలు గిన్నె, గిన్నెలో తడిపిన పసుపు. తెరిచి ఉన్న వీధి తలుపు కింద గడప ఉండాల్సిన చోట అల్యూమినియం పట్టీ ఒకటి బిగించి ఉంది. అంబీ దాన్ని, పిలవకుండా వచ్చి భోజనానికి కూర్చున్నవాణ్ణి చూసినట్టు చూస్తోంది.

"అప్పన్నా! ఒరే అప్పన్నా!"

అప్పన్న అంటే ఆల్ఫ్రెడ్. పెళ్ళైన మరుసటేడు భార్యతో పాటు బాప్తిస్మం తీసుకుని ఆ పేరు పెట్టుకున్నాడు. చర్చికీ, తను సూపర్‌వైజరుగా ఉన్న బూట్ల ఫ్యాక్టరీకీ, భార్యకీ అతను ఆల్ఫ్రెడ్. తల్లి మాత్రం పాత పేరు వదల్లేదు, పాత దేవుణ్ణీ వదల్లేదు. అతను ఒక చేత్తో టోస్టు, ఒక చేత్తో టై పట్టుకుని వచ్చాడు.

"ఏటిరా, ఈ సుక్కురారం కూడా పోనాదా?"

"ఏమి పోయింది, అమ్మా?"

"గడప. ఈ ఇంట్లోకి రాగానే బిగిత్తానని సెప్పినావు. అది గరాజీలో దుప్పటి కప్పుకుని తొంగుంది, రోగిష్టోడిలాగ."

"పెడతాను, అమ్మా. ఫస్ట్ ఇల్లు సెటిల్. అప్పుడు గడప." ఆల్ఫ్రెడ్ తెలుగు అంతే. తల్లితో తప్ప ఎవరితోనూ మాట్లాడడు గనుక అది చిన్నప్పుడు ఎంతుందో అంతే ఉండిపోయింది.

"ఆరు వారాల నుంచీ ఇదే పాట," అని అంబీ పసుపు గిన్నె పట్టుకుని వరండా దిగి, ఇంటిని చుట్టి వెళ్ళి, వంటింటి తలుపు నుంచి లోపలికి వచ్చింది.

వంటింట్లో పాలలో సీరియల్ కలుపుకుంటున్న బియాంకా ఇదంతా చూస్తోంది. పదిహేనేళ్ళ పిల్ల. తాతమ్మల కాలపు సంగతులేవీ తెలియవు గానీ కళ్ళు చురుకు. "మమ్మీ, అవ్వ ఇప్పటిదాకా ఒక్కసారి కూడా ముందు తలుపులోంచి రాలేదు. గమనించావా?"

"మోకాళ్ళ నొప్పులమ్మా," అంది రీటా స్టూలు మీద నుంచే.

"ముందు ఒక్కటే మెట్టు. వెనకాల ఐదు మెట్లున్నాయి."

రీటా చేతిలోంచి కర్టెన్ కొక్కెం జారి కార్పెట్టు మీద పడింది. ఆరు వారాలుగా ఇంట్లో ప్రతి మూలా కొలిచిన మనిషికి ఆ మెట్ల లెక్క తట్టనే లేదు.

* * *

ఆ ఇంట్లో రీటా ఇంగ్లీషులో మాట్లాడుతుంది, అంబీ తెలుగులో జవాబిస్తుంది. పద్దెనిమిదేళ్ళుగా అలాగే కాపురం నడుస్తోంది. ఒకరి మాట ఒకరికి తెలియక గొడవ పడ్డది లేదు. గొడవలన్నీ బాగా తెలిసి పడ్డవే.

అందులో పెద్దది గడప గొడవ. షాల్‌క్రాస్‌లో ప్రభుత్వం కట్టించి ఇచ్చిన పాత కౌన్సిల్ ఇంట్లో, వీధి తలుపు కింద జానెడు వెడల్పున నల్లటి గట్టి చెక్క ఒకటి ఉండేది. దాన్ని అంబీ భర్త సింహాచలం బిగించాడు. ఆయన పోయి ఇరవై రెండేళ్ళైంది. ప్రతి శుక్రవారం పొద్దున్న అంబీ దాని ముందు గొంతుక్కూర్చుని, చెక్కంతా కడిగి పసుపు రాసేది. సాయంత్రం ప్రార్థనకి వచ్చే సంఘం వాళ్ళు ఆ పసుపు చెక్క మీదుగా పాదాలెత్తి దాటుతుంటే రీటాకి తల తీసేసినట్టయ్యేది. పాస్టరు భార్య ఒకసారి నవ్వుతూనే, "సిస్టర్, మీ ఇంట్లో యేసయ్య కంటే ముందు పసుపు ఎదురొస్తుంది," అంది. నవ్వుతూ అన్న మాటలే ఎక్కువ కాలం గుచ్చుకుంటాయి.

రీటా చెడ్డ మనిషి కాదు. రెండు గదుల్లో ఎనిమిదిమంది పడుకునే ఇంట్లో పెరిగింది. తనదని చెప్పుకోవడానికి ఒక అల్మారా అర కూడా ఉండేది కాదు. ఐదేళ్ళ కిందటి దాకా తెల్లవాళ్ళకి కేటాయించిన ఈ వీధిలో భారతీయులు ఇల్లు కొనడానికి చట్టం ఒప్పేది కాదు. ఇప్పుడు చట్టం పోయింది, అందరూ వరసలో నిలబడి ఓటు కూడా వేశారు. తనకంటూ ఒక ఇల్లు, ఆ ఇంటికి తను ఎంచుకున్న రంగు. అందులో ఆ పసుపు చెక్క ఎక్కడ పెట్టినా ఇమడదు. "ముందు సెటిల్ అవుదాం" అని ఆల్ఫ్రెడ్ ప్రతి వారం వాయిదా వేస్తుంటే ఆమె ఊరుకుంది. ఆ వాయిదా తన కోసమేనని ఆమెకి తెలుసు.

కానీ ఐదు మెట్ల సంగతి విన్నాక మనసు ఊరుకోలేదు. వచ్చే శనివారం సంఘమంతా ఇంటి ప్రతిష్ఠ ప్రార్థనకి వస్తున్నారు. ఆ రోజు అత్తగారు దొంగలా వెనక నుంచి తిరుగుతుంటే బాగుంటుందా? ముసలావిడకి చెక్క కావాలి, తనకి పసుపు వద్దు. రెండూ కుదిరే దారి ఒకటి ఆ మధ్యాహ్నానికి తట్టింది. తట్టినందుకు తనని తానే మెచ్చుకుంది కూడా.

సాయంత్రం విల్‌ఫ్రెడ్ వచ్చాడు. సంఘంలోనే ఒక పెద్దాయన, వడ్రంగి పనిలో చెయ్యి తిరిగినవాడు. గరాజీలో దుప్పటి విప్పి చెక్కని వెలుతురుకి తిప్పి చూశాడు.

"ఇలాంటి చెక్క ఇప్పుడు దొరకదు సిస్టర్. ఏం చెయ్యమంటారు?"

"షెల్ఫ్ అంకుల్. లౌంజ్‌లో పెద్ద గోడకి. పైన ఫ్యామిలీ బైబిలు, మామగారి ఫోటో, మా పెళ్ళి ఫోటో. ఈ పసుపంతా పోవాలి. చిత్రిక పట్టి, బాగా మెరిసేలా వార్నిష్ కొట్టండి."

విల్‌ఫ్రెడ్ బొటనవేలితో చెక్క లోపలి అంచు తడిమాడు. పసుపు పేరుకుపోయి గట్టిపడి ఉంది. గోటితో గీకాడు. "ఇక్కడ మూడు గాట్లున్నాయి. ఉంచమంటారా?"

రీటాకి కర్టెన్ల షాపు మూసేసే వేళైంది. "ఎలకలు కొరికుంటాయి అంకుల్. నున్నగా చేసెయ్యండి."

"ఎలక ఇంత తిన్నగా కొరకదమ్మా," అని ఆయన గొణిగాడు. కానీ ఇల్లు ఆవిడది, చెక్క ఆవిడది. తన బక్కీ ట్రక్కు వెనక వేసుకుని తీసుకుపోయాడు.

* * *

సోమవారం అంబీ గరాజీలోకి వెళ్ళి దుప్పటి ఖాళీగా ఉండడం చూసింది. వంటింట్లోకి పరుగులాంటి నడకతో వచ్చింది.

"రీటమ్మా! గడపేదీ?"

"వడ్రంగి దగ్గరుంది అత్తా. శనివారానికి వస్తుంది." రీటా నవ్వింది. "సర్‌ప్రైజ్."

ఆ ముక్క అంబీకి తెలుసు. బియాంకా పుట్టినరోజులకి ఎన్నోసార్లు విన్నది. వడ్రంగి దగ్గరుందంటే బిగించడానికే కదా. ఇంకెందుకుంటుంది? ఆమె కోడలి చెంప పట్టుకుని, "నీ కడుపు సల్లగుండ," అంది. పద్దెనిమిదేళ్ళలో ఆ మాట రెండోసారి. మొదటిసారి బియాంకా పుట్టినప్పుడు.

ఆ వారమంతా ఇల్లు ఇంకోలా ఉంది. అంబీ అక్కడివాళ్ళు మడుంబీ అనే చామదుంపలు ఉడికించి చింతపులుసు పెట్టింది. కర్టెన్ల కుచ్చిళ్ళు పట్టుకుని నిలబడి, "ఇటేపు ఇంకాస్త దించు," అని సలహా చెప్పింది. రీటా నిజంగానే దించింది, నిజంగానే బాగుంది. సాయంత్రాలు మాత్రం అంబీ ఎప్పటిలాగే వెనక మెట్ల మీద కూర్చుని, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కిందికి చూస్తుండేది. అక్కడి నుంచి చూస్తే కొండ దిగువన ఫ్యాక్టరీల రేకుల కప్పులు, వాటికవతల అమ్‌గేనీ నది మలుపు సన్నగా కనిపిస్తాయి. "అత్తకి లౌంజ్ కంటే ఆ మెట్లే ఇష్టం," అనుకునేది రీటా, కాస్త నొచ్చుకుంటూ. శుక్రవారం అంబీ పసుపు కొమ్ములు కొత్తగా దంచుకుంది.

* * *

శనివారం పదకొండు గంటలకి లౌంజ్ నిండిపోయింది. సోఫాలు చాలక ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. సమోసాల వాసన, కొత్త రంగు వాసన కలిసిపోయాయి. పాస్టరు ప్రతి గదిలో ప్రార్థించి, ఇంటివాళ్ళని పేరు పేరునా దీవించి వచ్చాడు. పెద్ద గోడ మీద తెల్ల దుప్పటి కప్పి ఉంది.

వంటింటి తలుపులోంచి అంబీ వచ్చింది. పెట్టెలో దాచుకున్న ఆకుపచ్చ చీర కట్టింది. కొంగు చాటున గిన్నె. అందరూ వెళ్ళాక రాసుకుందామని ముందే కలిపి తెచ్చుకుంది. ఆమె చూపు నేరుగా వీధి తలుపు కిందికి వెళ్ళింది. అక్కడ అల్యూమినియం పట్టీ అలాగే మెరుస్తోంది.

"అత్తా, ఇటు చూడండి!" అని రీటా దుప్పటి లాగింది.

అందరూ ఆహా అన్నారు. అనాల్సిందే, విల్‌ఫ్రెడ్ పనితనం అలాంటిది. ముదురు తేనె రంగులో చెక్క నిగనిగలాడుతోంది. మధ్యలో పెద్ద బైబిలు, పక్కన కోటు వేసుకున్న సింహాచలం ఫోటో.

అంబీ కొంతసేపు గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక, ముందు వచ్చిన మాట ఎవరూ అనుకోనిది.

"ఓలమ్మ! కాల్ల కాడి సెక్క మీద మీ దేవుడి పుస్తకమెట్టినారేటి? తప్పు కదమ్మా! తియ్యి, ముందది తియ్యి!"

తెలుగు తెలిసిన ఇద్దరు ముగ్గురు ముసలివాళ్ళు తలలు దించుకున్నారు. తక్కినవాళ్ళు నవ్వుతూ చూస్తున్నారు, మురిసిపోతోందనుకుని. అంబీ దగ్గరకి వెళ్ళింది. గిన్నె టీవీ మీద పెట్టి, చెయ్యెత్తి చెక్క అంచు తడిమింది. ఆ చివర నుంచి ఈ చివరకి. మళ్ళీ ఈ చివర నుంచి ఆ చివరకి. బొటనవేలు ఒకచోట ఆగి, ముందుకీ వెనక్కీ కదిలింది.

"ఇక్కడుండేవి... ఏయి?"

ఆ గాట్ల సంగతేనని రీటాకి అర్థమైంది. "అంకుల్ నున్నగా చేశారు అత్తా. బాగుంది కదా?"

అంబీ తల ఊపింది. గిన్నె తీసుకుని, ఎవరినీ చూడకుండా తన గదిలోకి వెళ్ళిపోయింది. పాస్టరు స్తోత్రం చెప్పాడు. సమోసాలు తిరిగాయి.

* * *

మూడు గంటలకి ఆఖరి కారు వెళ్ళింది. అప్పటిదాకా పళ్ళ బిగువున నవ్విన రీటా వంటింట్లో ప్లేట్లు దబదబా పడేసింది. అంబీ వెనక మెట్ల మీద కూర్చుని ఉంది, చేతిలో చిక్కుడుకాయలు కూడా లేకుండా. ఆల్ఫ్రెడ్ ఆ ఇద్దరి మధ్యా తలుపులో నిలబడ్డాడు.

"అందరి ముందూ నన్ను నిలబెట్టేశారు," అంది రీటా. "ఎంత ప్రేమగా చేయించాను! పద్దెనిమిదేళ్ళు ఆ పసుపు దాటుకుంటూ తిరిగాను ఆల్ఫ్రెడ్. ఎప్పుడైనా దాన్ని తీసెయ్యమన్నానా? ఇది నా ఇల్లు. నా ఇంట్లో కూడా నా విశ్వాసానికి చోటు లేదా? ఆ చెక్కని పారెయ్యలేదే! గోడ మీద, మామగారి ఫోటో కింద పెట్టాను. ఇంకేం చెయ్యాలి?"

"రీటా, కాస్త నెమ్మది..."

"నెమ్మదిగానే ఉన్నాను! ఆ దేవుడి పూజ ఇంకెక్కడైనా చేసుకోమను. గడప మీదే ఎందుకు?"

అంబీ వెనక్కి తిరగలేదు. "అప్పన్నా, మీ ఆవిడికి సెప్పు. నా దేవుడు నా గదిలో, దీపం కాడున్నాడు. గడప కాడ ఎప్పుడూ లేడు."

"మరి పసుపు ఎందుకు, అమ్మా?"

మామిడిచెట్టు మీద కోతులు రెండు కొట్టుకుని రేకుల మీద దూకాయి.

"గడప కాడ నా గుంటుంది."

ఆల్ఫ్రెడ్ మెట్టు దిగి తల్లి పక్కన కూర్చున్నాడు. "ఏ పిల్ల, అమ్మా?"

"నీకంటే ముందు పుట్టినాది. ముత్యాలు. రెండేళ్ళుండి పోనాది." అంబీ నది వైపే చూస్తూ చెప్పింది. "అదిగో, ఆ రేకుల కింద మన తోట. ముల్లంగి, కొత్తిమీర ఏసీవోల్లం. పిల్లని మొదటి పాలి ఇంట్లోకి తెచ్చినప్పుడు మీ అయ్య కత్తితో గడపకి ఓ గాటెట్టినాడు. ఇంటికి మనిషొచ్చినాదని. రెండో ఏడు వానలకి దానికి జొరమొచ్చింది. ఆస్పత్రికి నది దాటాల. నది పొంగిపోయుంది. తోట ఎనకాలే పూడ్సినాం. రాయి కూడా ఎట్టనేదు. మాదే కదా భూమి, ఎక్కడికెల్తాం అనుకున్నాం."

రీటా చేతిలో తడి ప్లేటు అలాగే ఉండిపోయింది.

"తరవాత నువ్వొచ్చినావు. నీకో గాటు. నీకు పద్నాలుగేళ్ళప్పుడు గవర్నమెంటోల్లు ఈ ఏరియా మీది కాదు పొమ్మన్నారు. లారీ ఒచ్చింది. అందరూ మంచాలు, పొయ్యిలు ఎక్కించినారు. గోరీ తవ్వుకెల్లనేం కదా. మీ అయ్య గడప తవ్వుకొచ్చినాడు."

ఆల్ఫ్రెడ్‌కి ఆ రోజు గుర్తుంది. ఆ గడపకి ఒక కొస పట్టుకుని లారీ దాకా మోసింది తనే. లారీ డ్రైవరు నవ్వితే, తోటి పిల్లలు చూస్తున్నారని సిగ్గుపడి, "ఇదెందుకు నాన్నా?" అని విసుక్కున్నాడు. నాన్న ఏమీ అనలేదు. ఆయనకి నోట మాట రాలేదని, చెప్పడం ఇష్టం లేక కాదని ఇప్పుడు తెలుస్తోంది. తనూ మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

"ఈ ఇల్లు సూపించడానికి తెచ్చినావే, ఆ రోజు ఈ మెట్ల కాడ నిలబడ్డాను. నది కనిపించింది. ముప్పై ఏల్లకి గడప మల్లీ ఒచ్చి పిల్ల కాడ పడింది అనుకున్నాను. అందుకే సరే అన్నాను. లేపోతే షాల్‌క్రాస్ ఒదిలీదాన్నేటి?" అంబీ కొంగుతో ముఖం తుడుచుకుంది. "ప్రెతి సుక్కురారం ఏలితో ఆ గాట్లో పసుపు నింపీదాన్ని. దానికి నీల్లోసినట్టు. అది పూజంటే పూజే."

"ముందే ఎందుకు చెప్పలేదు, అమ్మా?" అన్నాడు ఆల్ఫ్రెడ్.

"ఎవులడిగినారు? పసుపు ఒద్దన్నోల్లే గానీ, ఎందుకని అడిగినోల్లు నేరు."

రీటా లోపల లెక్కపెట్టుకుంది. మూడు గాట్లన్నాడు విల్‌ఫ్రెడ్. ముత్యాలుది ఒకటి, ఆల్ఫ్రెడ్‌ది ఒకటి. మూడోది?

అప్పుడు గుర్తొచ్చింది. ఆస్పత్రి నుంచి బియాంకాని ఎత్తుకుని షాల్‌క్రాస్ ఇంట్లో అడుగు పెడుతుంటే, అత్తగారు గుమ్మంలో కూరగాయల చాకు పట్టుకుని కూర్చుని ఉంది. "పసిపిల్ల ఎదురుగా చాకేమిటి!" అని తను అరిచింది. అంబీ గబుక్కున చాకు వెనక దాచుకుని నవ్వింది. ఆ నవ్వుతోటే అంది, "నీ కడుపు సల్లగుండ" అని.

రీటా ప్లేటు సింకులో పెట్టి, కారు తాళాలు తీసుకుంది.

"ఎక్కడికి?" అని బియాంకా వెంటపడింది. రీటా చెప్పలేదు. బియాంకా కూడా కారెక్కింది.

విల్‌ఫ్రెడ్ ఇంకా చర్చి బట్టల్లోనే ఉన్నాడు. "అంకుల్, ఆ చెక్క చిత్రిక పట్టినప్పుడు రాలిన పొట్టు... ఎక్కడుంది?"

ఆయన ఆమె ముఖం చూసి తడబడ్డాడు. "పొట్టా? నిన్న మాంసం కాల్చుకునే బ్రాయ్ పొయ్యి అంటించడానికి వాడేశానమ్మా. ఎందుకు?"

రీటా గరాజీ నేల మీద మోకాళ్ళూని, బల్ల కింద చేతులు పెట్టి వెతికింది. మేకులు, దుమ్ము, ఇంకేవో తెల్ల చెక్క పొట్లు. పసుపు మరక ఉన్నది ఒక్కటీ లేదు. దొరికితే మాత్రం ఏం చేస్తుంది? తిరిగి అంటిస్తుందా? ఆ సంగతి ఆమెకీ తెలుసు. అయినా వెతికింది, బియాంకా భుజం పట్టుకుని లేపేదాకా.

"ఉంచమంటారా అని అడిగాడు," అంది రీటా కారులో, స్టీరింగు మీద తల ఆనించి. "ఆయన అడిగాడు బియాంకా. నాకు కర్టెన్ల షాపు మూసేస్తారని తొందర."

* * *

మంగళవారం విల్‌ఫ్రెడ్ వచ్చి గోడ మీద నుంచి చెక్క దింపి, అల్యూమినియం పట్టీ ఊడదీసి, వీధి తలుపు కింద గడప బిగించాడు. ఆల్ఫ్రెడ్ ఫ్యాక్టరీకి సెలవు పెట్టి పక్కన నిలబడి ఒక కొస పట్టుకున్నాడు. ఇంట్లో దిగినప్పుడే ఒక్క పూట ఈ పని చేసి ఉంటే సరిపోయేది. ఒక్క పూట. "ఫస్ట్ సెటిల్" అన్న తన మాట చెవుల్లో తిరుగుతూనే ఉంది. చెక్కకి షెల్ఫ్ మరలు దిగిన రెండు చిల్లులు ఉండిపోయాయి.

పని అయ్యాక అతను జేబులోంచి చాకు తీసి తల్లి ముందు పెట్టాడు. "ఎక్కడ ఉండేదో చూపించు, అమ్మా. నేను మళ్ళీ గాటు పెడతాను."

అంబీ చాకు మూసి అతని చేతిలోనే పెట్టింది. "వొద్దురా. అది మీ అయ్య సెయ్యి. ఇప్పుడెడితే నీ సెయ్యవుద్ది. గాటు ఇంట్లోకి ఒచ్చినోల్లకెట్టాల. పోనోల్లకి కాదు."

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే ఆల్ఫ్రెడ్ భరించేవాడే. అతను చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అంబీ అతని తల నిమిరింది గానీ ముందు తలుపు దాటలేదు. ఆ రోజూ, ఆ తరవాత రెండు రోజులూ వెనక మెట్లే ఎక్కింది.

శుక్రవారం పొద్దున్న రీటా లేచేసరికి అంబీ వరండాలో గడప ముందు గొంతుక్కూర్చుని ఉంది. వేలితో పసుపు అద్దుతోంది. వార్నిష్ మీద పసుపు నిలవడం లేదు. బొట్లు బొట్లుగా జారి కింద పలకల మీద పడుతోంది. మళ్ళీ అద్దుతోంది, మళ్ళీ జారుతోంది. రీటా తలుపు లోపల నిలబడి ఎంతసేపు చూసిందో తెలియదు. తరవాత గరాజీలోకి వెళ్ళి, విల్‌ఫ్రెడ్ వదిలేసి వెళ్ళిన గరుకు కాగితం తెచ్చింది. రాత్రి గౌనుతోనే గడపకి ఇవతల కూర్చుంది. అత్తగారు వరండాలో, కోడలు లౌంజ్‌లో, మధ్యలో చెక్క.

"అత్తా, ఎక్కడ?" ఆ రెండు ముక్కలూ తెలుగులో అంది.

అంబీ తలెత్తి చూసింది. కోడలి చేతిలో కాగితం చూసింది. చెక్క లోపలి అంచు మీద వేలు పెట్టింది.

రీటా రుద్దడం మొదలుపెట్టింది. తేనె రంగు పొడి పొడిగా రాలి పీచ్ రంగు కార్పెట్టు మీద పడింది. ఆమె చూసుకోలేదు.

"అక్కడ కాదు. ఇంకాస్త ఎడమకి."

రీటా ఎడమకి జరిగి రుద్దింది. బొటనవేలంత మేర మెరుపు పోయి, కింది నల్లటి చెక్క బయటపడింది. వేళ్ళ కొసలు ఎర్రబడ్డాయి. ఊదింది. అంబీ గిన్నె ముందుకి జరిపి ఒక్క క్షణం ఆగింది, కోడలి వైపు ఇస్తున్నట్టు. రీటా తల అడ్డంగా ఊపింది. అది తన చేతుల్తో చెయ్యలేదు. చోటు మాత్రం చెయ్యగలదు. అంబీకి అది అర్థమైంది. తనే పసుపు అద్దింది. ఈసారి జారలేదు. చెక్క పీల్చుకుంది.

"నన్ను క్షమించండి అత్తా," అంది రీటా. కళ్ళనీళ్ళు కుక్కుకుందామనుకుంది, కుదరలేదు. "నేను చెరిపేశాను. ముగ్గురినీ చెరిపేశాను. నా పిల్లని కూడా."

"తెలీక సేసినావు," అంది అంబీ. "తెలీకుండా ఉంచింది నాను కదా."

గాటు తిరిగి రాలేదు. ఎంత పసుపు పట్టినా అక్కడ వేలికి తగిలేది నున్నటి చెక్కే. అది ఇద్దరికీ తెలుసు. రీటా ఆ నున్నదనం మీద వేలు పెట్టి ఉంచింది.

"ఎలా ఉండేది? ముత్యాలు."

నలభై అయిదేళ్ళలో ఆ ప్రశ్న అంబీని ఎవరూ అడగలేదు. ఆమె గిన్నె తీసుకుని, గోడ పట్టుకుని లేచింది. కుడి పాదం ఎత్తి, గడప తొక్కకుండా దాటి, ఆ ఇంట్లోకి ముందు నుంచి వచ్చింది.

"నల్లగా ఉండీది," అంది కార్పెట్టు మీద కోడలి పక్కనే కూలబడుతూ. "ఒకటే మొండి. ఏదనుకుంటే అదవ్వాల. నీలాగే."

రీటా ఏడుస్తూనే నవ్వింది. మేడ మెట్ల మీద బియాంకా, స్కూలు బట్టల్లో, టైము చూసుకోవడం మరిచి నిలబడి ఉంది. "ఎవరవ్వా?" అని అడిగింది.

"మీ పెద్దత్త," అంది రీటా. "రా, కూర్చో. అవ్వ చెప్తోంది."